ఉకులేలేకి మన చెక్క: బెంగళూరులో ఏది కొనాలి, ఎలా పరీక్షించాలి, మన పనితనం ఎక్కడ చూపించాలి

ఉకులేలే అనే నాలుగు తీగల హవాయి వాయిద్యాన్ని సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్లు ఎక్కువగా మూడు ప్రశ్నలు అడుగుతుంటారు. హవాయిలో ఉకులేలేలకు వాడే కోవా చెక్క బెంగళూరులో దొరుకుతుందా? ఎర్రచందనంతో చేయొచ్చా? వీణకున్నట్టు యాళి తల పెట్టొచ్చా?

కోవా కోసం తిరగనక్కర్లేదు. ఎర్రచందనం జోలికి పోవద్దు. యాళి తల పెట్టొచ్చు గానీ మెడ బరువెక్కి వాయిద్యం చేతిలో నిలవదు. ఎందుకో కింద వివరంగా ఉంది.

ఉకులేలే పుట్టిందే చేతికందిన చెక్కతో. 1879లో మదీరా దీవుల నుంచి రావెన్స్‌క్రాగ్ అనే ఓడలో హొనొలులు చేరినవాళ్లలో ముగ్గురు కొయ్యపనివాళ్లున్నారు. తమ ఊరి మషేట్ అనే చిన్న వాయిద్యాన్ని అక్కడ పెరిగే కోవాతో చేయడం మొదలుపెట్టారు. మనకు చేతికందేవి పనస, మామిడి, నిద్రగన్నేరు. మన వీణ కుండ పనసదే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే మొద్దు తొలిచి చేసే ఏకాండి వీణ కూడా పనసదే. కాబట్టి చెక్కను పేరు చూసి కొనకండి, తూచి వంచి చూసి కొనండి. పద్ధతి కాన్సర్ట్ సైజుకు రాస్తున్నాం. మొదటిసారి చేసేవాళ్లకు అది అంతకంటే చిన్నదైన సొప్రానో కంటే సులువు.

కావలసినవి

- పెట్టెకు: 650 × 120 × 25 మి.మీ. పలక ఒకటి. పై పలక, వెనక పలక, పక్క పలకలు అన్నీ ఇందులోనే వస్తాయి. కింద చెప్పిన పరీక్షల ముక్కలకు అదే చెక్క తుంట అదనంగా తీసుకోండి.
- మెడకు: 600 × 65 × 20 మి.మీ. తేలికైన, నార తిన్నగా ఉన్న చెక్క.
- ఫింగర్‌బోర్డుకు (మెడ మీద వేళ్లతో నొక్కే పట్టీకి) 280 × 55 × 6 మి.మీ. గట్టి చేవ, గుర్రానికి (పై పలక మీద తీగలు ఆనే బ్రిడ్జికి) అదే చెక్కలో 100 × 30 × 12 మి.మీ. ముక్క.
- లోపలి బద్దలకు: సన్న గీతలున్న పైన్ లేదా దేవదారు.
- 0.01 గ్రాము దాకా చూపే నగల తూకం యంత్రం, వెర్నియర్ కాలిపర్, 500 గ్రాముల తూకపు రాయి, గాలిలో తేమ చూపే హైగ్రోమీటర్.
- కరక్కాయ పొడి, బెల్లం, తుప్పు పట్టిన మేకులు. ఫింగర్‌బోర్డు నల్లగా చేయదలచుకుంటేనే.

1. చెక్క ఎంచుకోండి

మైసూరు రోడ్డులోని టింబర్ యార్డ్ లేఅవుట్ వైపు వెళితే కోత మిల్లులు, చెక్క దుకాణాలు వరసగా ఉంటాయి. పొడవాటి దూలాలు అడగకండి, "కోసి మిగిలిన తుంటలు చూపించండి" అనండి. మన కొలతలకు అవే చాలు. అక్కడ పేర్లు కన్నడంలో నడుస్తాయి: పనసను హలసు, మామిడిని మావు, నూకమానును (రోజ్‌వుడ్) బీటె అంటారు. ఒక్కచోట జాగ్రత్త. మనం నందివృక్షం అనే తేలికైన ఎర్రచెక్కను అక్కడ గంధగరిగె అంటారు. "నంది" అని అడిగితే వేరే బరువైన చెక్క చేతిలో పెడతారు.

*పనస.* మొదటి ఎంపిక ఇదే. కోసిన రోజు పసుపుగా ఉండి, వెలుతురుకి నెమ్మదిగా తేనెరంగు, తర్వాత గోధుమరంగు తిరుగుతుంది. రంగు పూసి ఆ మార్పును దాచకండి. వీణవాళ్లు ముదురు మొద్దుల బరువైన చేవ వెతుకుతారు, ఉకులేలేకి అంత బరువు వద్దు. ఒకే మొద్దులో తేలికగా ఉన్న భాగం ఏరుకోండి. దీని నార ఒక పొరలో ఇటు, పక్క పొరలో అటు వాలుతుంది. అందుకే చిత్రిక పడితే పెళ్లలు లేస్తాయి. చివరి అర మిల్లీమీటరు స్క్రేపర్‌తోనే (గీకే ఉక్కు రేకుతోనే) తీయాలి.

*మామిడి.* హవాయిలో కూడా మామిడితో ఉకులేలేలు చేస్తారు. చవక, వంచడం తేలిక, నల్లటి ఆకుపచ్చటి చారలు పడ్డ ముక్కలు చూడముచ్చటగా ఉంటాయి. దీని పెద్ద శత్రువు పుచ్చు. పలక మీద గుండుసూది మోపినంత రంధ్రాలుండి, తట్టినప్పుడు పిండిలా పొడి రాలితే అది ఎంత అందమైనదైనా వదిలేయండి. మంచి ముక్కను కూడా కోసిన వెంటనే బోరిక్ ఆమ్లం, బోరాక్స్ కలిపిన నీళ్లతో తడిపి ఆరబెట్టాలి.

*ఆస్ట్రేలియా తుమ్మ.* ఆకేషియా ఆరిక్యులిఫార్మిస్. తోటల్లోనూ రోడ్ల పక్కనా నాటిన చెట్టు, కోవాకు నిజంగానే బంధువు. కోవా రూపమే కావాలంటే దీని చేవ చూడండి. దుంగలు వంకరగా ఉంటాయి కాబట్టి 650 మి.మీ. తిన్నటి ముక్క దొరకడానికి ఓపిక కావాలి.

*నిద్రగన్నేరు, సిల్వర్ ఓక్, నందివృక్షం.* మూడూ పనికొస్తాయి. నిద్రగన్నేరు బెంగళూరు వీధుల్లో గాలివానకు కూలే చెట్టు, చేవ చక్కటి గోధుమరంగు. సిల్వర్ ఓక్ కాఫీతోటల నుంచి వస్తుంది, సరైన కోతలో మెరిసే మచ్చలు పైకి తేలతాయి. నందివృక్షం మెడకు చాలా బాగుంటుంది.

*నూకమాను.* వెనక పలకకు, పక్కలకు మాత్రమే. పై పలకకు బరువెక్కువ. బిల్లు లేకుండా కొనవద్దు. 2017 నుంచి ఆ చెట్టు చెందిన డాల్బెర్జియా ప్రజాతి మొత్తం, అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. పూర్తయిన వాయిద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు గానీ, వాయిద్యం విదేశానికి పంపే ఆలోచన ఉంటే ముందు నిబంధనలు చూసుకోండి.

*ఎర్రచందనం, శ్రీగంధం.* అనుమతి పత్రాలు లేకుండా దగ్గర ఉంచుకుంటే కేసులో ఇరుక్కోవచ్చు. "చిన్న ముక్కే కదా" అని ఎవరైనా ఇచ్చినా తీసుకోకండి. ఎర్రచందనం మన తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో సహజంగా మరెక్కడా పెరగదు. దాన్ని కాపాడుకోవడం మనందరి పని.

*తెల్లపొణికి, అంకుడు.* కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల చెక్కలతో పెట్టె చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. తెల్లపొణికి బొమ్మలకు బంగారం, తీగల లాగుడుకు మాత్రం ఆగదు. అంకుడు అంచుపట్టీలకు, చిన్న గుండీలకు పనికొస్తుంది. చన్నపట్న బొమ్మలదీ ఈ చెక్కే.

2. కోత చూడండి

పలక చివర, అంటే రంపం అడ్డంగా కోసిన ముఖం, చూడండి. వార్షిక గీతలు పలక వెడల్పుకు నిటారుగా నిలబడి ఉంటే అది మనకు కావలసిన కోత. పలక ముఖంతో 60 డిగ్రీల కోణం దాకా వాలినా ఫరవాలేదు. గీతలు నవ్వుతున్న పెదవిలా వంగి ఉంటే పక్కన పెట్టండి.

ఈ పట్టింపుకు కారణం ఉంది. బెంగళూరు గాలి మార్చి మధ్యాహ్నాల్లో 30 శాతం తేమ కంటే కిందికి పడిపోతుంది, వానాకాలంలో 80 దాటుతుంది. చెక్కలో తేమ నాలుగు శాతం తగ్గిందంటే 195 మి.మీ. వెడల్పున్న పై పలక, నిటారు గీతలైతే సుమారు ఒక మిల్లీమీటరు కుదించుకుపోతుంది. గీతలు వంగిన కోత అయితే దాదాపు రెట్టింపు. చుట్టూ అంటించి కదలనివ్వని పలక అంత కుదించుకోవాలంటే బీట వారడం తప్ప దారి లేదు.

తర్వాత నార వాలు చూడాలి. ఒక మూల చిన్న తుంట కోసి ఉలితో చీల్చండి. చీలిక పలక ముఖానికి సమాంతరంగా వెళ్లాలి. 100 మి.మీ. పొడవులో 5 మి.మీ. కంటే ఎక్కువ పక్కకు జారితే ఆ ముక్క వంచేటప్పుడు విరుగుతుంది. పనసలో ఈ చీలిక అలలా వస్తుంది. అలలు చిన్నవైతే పై పలకకు సరే, పక్క పలకలకు మాత్రం తిన్నగా ఉన్న చోటే ఏరండి.

3. తూచండి

పలక చివర నుంచి 100 × 50 × 20 మి.మీ. ముక్క కోసి నాలుగు వైపులా నునుపు చేసి తూచండి. దాని పరిమాణం సరిగ్గా 100 ఘన సెంటీమీటర్లు. 58 గ్రాములు వస్తే సాంద్రత 0.58.

0.45 నుంచి 0.65 వరకు పై పలకకు. 0.75 దాకా వెనకకు, పక్కలకు. 0.80 దాటితే ఫింగర్‌బోర్డుకో గుర్రానికో దాచుకోండి. కోవా సుమారు 0.6 దగ్గర ఉంటుంది. మంచి పనస, మామిడి ముక్కలు కూడా ఆ దాపునే వస్తాయి.

పచ్చి చెక్కను తూస్తే నీళ్ల బరువు కూడా కలిసి అంకె తప్పుతుంది. అందుకే తేమ కూడా చూడాలి.

4. తేమ కొలవండి

ఇదే పలక నుంచి 20 గ్రాముల ముక్క తీసి తూచి, వంటింటి ఓటీజీలో 100 నుంచి 105 డిగ్రీల దగ్గర ఉంచండి. గంటకోసారి తూచండి, బరువు తగ్గడం ఆగేదాకా. తగ్గిన బరువును ఎండిన బరువుతో భాగించి నూరుతో హెచ్చించండి. 22.4 గ్రాములు 20.0 అయితే తేమ 12 శాతం.

బెంగళూరుకు 8 నుంచి 10 శాతం కావాలి. 14 దాటితే కోయించి ఆరబెట్టాలి. "పదేళ్ల చెక్క, పూర్తిగా ఆరింది" అన్న దుకాణం మాట నమ్మి ఈ పరీక్ష దాటేయకండి. వానాకాలంలో షెడ్డులో పడున్న పాత చెక్క కూడా గాలిలోని తేమ మళ్లీ పీల్చుకుంటుంది.

5. వంచి చూడండి

నార పొడుగునా 300 × 30 × 3 మి.మీ. బద్ద చేయండి. మందం అన్నిచోట్లా సరిగ్గా 3.0 ఉండాలి. 3.1 ఉన్నా ఫలితం పది శాతం తేడా వస్తుంది. రెండు ఆధారాలను 250 మి.మీ. దూరంలో పెట్టి, బద్దను వాటి మీద ఉంచి, మధ్యలో 500 గ్రాముల రాయి వేలాడదీయండి. ఎంత కుంగిందో కొలవండి.

2 నుంచి 3 మి.మీ. కుంగితే పై పలకకు భేషైన చెక్క. 3 నుంచి 4 అయితే వాడొచ్చు, కాస్త మందంగా ఉంచాలి. 4 దాటితే పై పలకకు వద్దు.

తేలికగా ఉండి తక్కువ కుంగేదే మంచి చెక్క. రెండు ముక్కలు ఒకేలా కుంగితే తేలికైనది తీసుకోండి. పలకను పై అంచు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని తట్టి వినే అలవాటు కూడా పెంచుకోండి. గంట మోగినట్టు కాసేపు నిలిస్తే మంచిదే. కానీ చెవి ఒక్కదాన్నే నమ్మితే మొదట్లో మోసపోతారు. చిన్న ముక్క, పెద్ద ముక్క వేర్వేరుగా మోగుతాయి.

6. కోయించండి

25 మి.మీ. పలక నుంచి 4 మి.మీ. చొప్పున నాలుగు పొరలు. సన్న బ్యాండ్‌సా రంపం కోతకు 2 మి.మీ. పోతుంది, మొత్తం 22 అవుతుంది. దుంగలు కోసే వెడల్పు రంపం మీద కోయిస్తే సరిపోదు, అలాంటప్పుడు 35 మి.మీ. పలక తీసుకోండి. పాత తలుపుచట్రం చెక్క అయితే ముందే అయస్కాంతం తిప్పి మేకులు చూడండి. లేకపోతే మిల్లువాళ్ల రంపం పాడవుతుంది.

కోసిన వెంటనే పొరలకు 1, 2, 3, 4 అని వరుస రాసి, ఒకే అంచున పెన్సిల్‌తో ఏటవాలు గీత గీయండి. 1, 2 పొరల మొదటి 300 మి.మీ. పుస్తకం తెరిచినట్టు విప్పి జోడిస్తే పై పలక. మిగిలిన సగాలు వెనక పలక. 3, 4 పొరల నుంచి 480 × 75 మి.మీ. పక్కలు. వరుస తప్పితే గీతలు కలవవు, తర్వాత ఏం చేసినా కుదరదు.

పొరల మధ్య ఒకే మందమున్న పుల్లలు పెట్టి, పైన బరువుంచి, 45 నుంచి 50 శాతం తేమ ఉన్న గదిలో మూడు వారాలు వదలండి. ఏసీ గది చాలు. వారానికోసారి తూచండి. రెండు వారాలు వరసగా బరువు మారకపోతే సిద్ధమైనట్టే. బద్దలు అంటించే రోజు కూడా గది ఇదే తేమలో ఉండాలి. జూలైలో కిటికీలు తెరిచి అంటించిన పెట్టె మార్చిలో పగులుతుంది.

7. మందం

కాన్సర్ట్ పై పలకకు ఇవి మొదలుపెట్టే అంకెలు: పనస, ఆస్ట్రేలియా తుమ్మ 1.7 నుంచి 1.9 మి.మీ., మామిడి 1.8 నుంచి 2.0, నిద్రగన్నేరు, సిల్వర్ ఓక్ 1.9 నుంచి 2.1, నందివృక్షం 2.0 నుంచి 2.3. పక్కలు 1.6. నైలాన్ తీగలు నాలుగూ కలిపి లాగేది 15 నుంచి 20 కిలోలే. గిటార్ కొలతలు చూసి 2.5 ఉంచితే మూగబోయిన పెట్టె వస్తుంది. మొదటి ఉకులేలేల్లో అన్నిటికంటే ఎక్కువ కనిపించే పొరపాటు ఇదే. విరుగుతుందన్న భయంతో అందరూ మందంగానే వదిలేస్తారు.

బద్దలకు ప్యాలెట్ (సరుకు మోసే చెక్క చట్రం) పైన్ వాడుతుంటే దాని మీద ముద్ర చూడండి. హెచ్.టి. అంటే వేడితో శుద్ధి చేసినది, వాడొచ్చు. ఎం.బి. అని ఉంటే విషవాయువు పట్టించినది, వద్దు. ఏ చెక్క అయినా కోసేటప్పుడూ రుద్దేటప్పుడూ మాస్కు ఉండాలి. మామిడి, సిల్వర్ ఓక్ పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది.

8. ఫింగర్‌బోర్డు: కలంకారీ నలుపు

నల్లచేవమాను (ఎబొనీ) కోసం వెతికి డబ్బు పోయొద్దు. నల్లతుమ్మ చేవ గానీ చింత చేవ గానీ తీసుకోండి. బండి చక్రాలకు, రోకళ్లకు వాడిన చెక్కలు, మెట్ల కింద అరగవు. నలుపు కావాలంటే శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ల పద్ధతే చెక్కకూ పనిచేస్తుంది: కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి నల్లబడడం.

క) 100 గ్రాముల తుప్పు మేకులు, 50 గ్రాముల బెల్లం, అర లీటరు నీళ్లు మట్టికుండలో గానీ గాజుసీసాలో గానీ 15 నుంచి 20 రోజులు పులియబెట్టండి. మూత బిగించవద్దు, వాయువు పుడుతుంది. అంత ఆగలేకపోతే పావు లీటరు వెనిగర్‌లో, సబ్బుతో నూనె కడిగిన స్టీల్ ఉన్ని నాలుగు రోజులు నానబెట్టండి.

ఖ) 50 గ్రాముల కరక్కాయ పొడిని అర లీటరు నీళ్లలో ఇరవై నిమిషాలు మరిగించి వడకట్టండి.

గ) ఫింగర్‌బోర్డు ఆకారం, మెట్ల గాడులు, నునుపు అన్నీ ముగించాకే మొదలుపెట్టండి. రంగు పైపైనే దిగుతుంది, తర్వాత గట్టిగా రుద్దితే కింది గోధుమరంగు బయటపడుతుంది. ముందు తడిగుడ్డతో తుడిచి, ఆరాక లేచిన నూగును 320 నంబరు ఉప్పుకాగితంతో తీయండి.

ఘ) కరక్కాయ నీళ్లు రెండుసార్లు పూసి ఆరనివ్వండి. పైన వడకట్టిన ఇనుప నీళ్లు పూయండి. నిమిషాల్లో బూడిదరంగు, తర్వాత నలుపు. ఆరాక మరోసారి రెండూ పూయండి.

ఙ) రెండు రోజులు ఆరనిచ్చి, తడిగుడ్డతో మిగిలిన పులుపు తుడిచి, మళ్లీ ఆరాక నూనె పట్టించండి. మెట్లు ఆ తర్వాతే దిగగొట్టాలి. తడిగా ఉండగా కొడితే లోహం పచ్చబడుతుంది.

నలుపు కాకుండా నీలం బూడిదగా ఆగిపోతే కరక్కాయ చాల్లేదన్నమాట. తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకు నలుపు అంటితే ఇంకా ఆరలేదు, లేదా ఇనుప నీళ్లు ఎక్కువయ్యాయి. ఈ నీళ్ల చుక్క పనస పలక మీద పడితే మచ్చ పోదు, కాబట్టి ఫింగర్‌బోర్డును మెడకు అంటించకముందే ఇదంతా ముగించండి.

9. అలంకారం ఎక్కడ, ఎంత

పై పలక కింది సగం, అంటే గుర్రం చుట్టూ ఉన్న భాగం, కదిలే చోటు. అక్కడ ఏమీ చెక్కకండి, పొదగకండి, మందంగా రంగు వేయకండి. తల, ఫింగర్‌బోర్డు చివర, శబ్దరంధ్రం చుట్టూ ఉన్న వలయం, వెనక పలక నడుమ పట్టీ, ఇవి మీవి.

శబ్దరంధ్రం చుట్టూ చుక్కల ముగ్గు చాలా చక్కగా అమరుతుంది. మెలికల గీతను తెల్లటి అంకుడుతో పొదగండి. వలయం వెడల్పు 8 నుంచి 10 మి.మీ., గాడి లోతు 0.8 మి.మీ. దాటవద్దు. లోపలి వైపు 1 మి.మీ. మందం వలయాకారపు పట్టీ అంటిస్తే బలహీనపడదు.

అనంతపురం వైపు నిమ్మలకుంట తోలుబొమ్మల్లో కనిపించే చిల్లుల అల్లికను శబ్దరంధ్రానికే వాడాలనుకుంటే లెక్క మారుతుంది. కాన్సర్ట్ రంధ్రం 56 మి.మీ. వ్యాసం, సుమారు 2,460 చదరపు మి.మీ. తెరుపు. అల్లిక అందులో 40 శాతం మూసేస్తే రంధ్రం వ్యాసాన్ని 72 మి.మీ.కు పెంచాలి, లేకపోతే గొంతు కూరుకుపోతుంది. చిల్లుల మధ్య 3 మి.మీ. కంటే తక్కువ చెక్క మిగిల్చితే అడ్డనారలో తెగుతుంది. సులువైన దారి: అదే అల్లికను 1 మి.మీ. పొరలో కోసి తల మీద అంటించడం.

యాళి సంగతి. పూర్తయిన కాన్సర్ట్ 450 నుంచి 550 గ్రాములుంటుంది. చెక్కిన యాళి 50 గ్రాములున్నా మెడ కిందికి వాలుతుంది, వాయించేవాళ్లు ఎడమచేత్తో మోస్తూ వాయించాలి. యాళి రూపం ఇష్టమైతే తల అంచు గీతలో దాని ముక్కు వంపు మాత్రం తీసుకోండి.

బిరడాల గుండీలు చన్నపట్నలో లక్క వేసి తరిణె పట్టించుకోవచ్చు, మైసూరు దారిలో 60 కిలోమీటర్లే. మీ బిరడా కడ్డీ ఒకటి తీసుకెళ్లి చూపించండి, కొలత నోటితో చెప్పకండి. లక్క వేడికి మెత్తబడుతుంది, వాయిద్యాన్ని ఎండలో కారులో వదలకూడదు.

10. తీగలు బిగించాక చూడవలసింది

వారం తర్వాత గుర్రం వెనక స్కేలు అడ్డంగా పెట్టండి. పై పలక 1 నుంచి 1.5 మి.మీ. ఉబ్బితే సరిగ్గా ఉంది. 2 దాటి, గుర్రం ముందు గుంట పడుతుంటే తీగలు వెంటనే వదులు చేసి, లోపల గుర్రం కింద అదే చెక్కతో 2 మి.మీ. పట్టీ నార అడ్డంగా వచ్చేలా అంటించండి. అసలు ఉబ్బు లేకుండా, శబ్దం పొట్టిగా ఆగిపోతుంటే పలక మందం ఎక్కువ. కింది సగంలో అంచు వెంట 25 మి.మీ. వెడల్పున 220 నంబరు ఉప్పుకాగితంతో 0.2 మి.మీ. దాకా తగ్గించి, ప్రతి కొన్ని రుద్దులకూ వాయించి వినండి. మెరుగు పూయకముందే, తెల్లచెక్కగా ఉండగానే తీగలు కట్టి ఈ పరీక్ష చేస్తే సరిదిద్దడం తేలిక.

సాంద్రత, తేమ, కుంగిన కొలత, చివరి మందం నాలుగూ అదే పలక తుంట మీద పెన్సిల్‌తో రాసి దాచండి. రెండో ఉకులేలేకి చెక్క కొనడానికి వెళ్లేటప్పుడు ఆ తుంటను జేబులో వేసుకుని వెళ్లండి.